రాతిమిద్దె మీద మోపిన నింద

మాచర్ల, గురజాల, కారెంపూడి, దుర్గి వైపు ఏ ఊళ్లో పాత వీధిలోకి వెళ్లినా రాతిమిద్దెల గురించి ఒకటే తీర్పు వినపడుతుంది. పాతబడిపోయింది, ఎప్పుడు కూలుతుందో తెలియదు, పడగొట్టి స్లాబు వేసుకోవడం మేలు. ఈ మాట ఇంజినీరు అంటాడు, ఇంటి మీద అప్పు అడిగితే బ్యాంకువాళ్లు అంటారు, హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు అంటాడు. సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు పైకి అనకపోయినా గోడల వంక చూసి మనసులో అనుకుంటారు. అందరూ అంటున్నారు గనకనే ఆ మాటను ఎవరూ పరీక్షకు పెట్టలేదు. నా వాదన సూటిగా చెబుతాను. పల్నాటి రాతి ఇల్లు ఈ నేలకూ ఈ ఎండకూ తగినట్టుగా తరాల మేస్త్రీలు తేల్చుకున్న నిర్మాణం. దాన్ని వెనకబాటుకు గుర్తుగా జమకట్టి జేసీబీకి అప్పగించడం దండగమారి ఖర్చు, ఇంటివాళ్లకే నష్టం.

ఈ చిన్నచూపు నిన్నమొన్నటిది కాదు. శ్రీనాథుడి పేరు మీద చెలామణి అయ్యే చాటువులు నాపరాళ్లను పాములతో తేళ్లతో ఒకే వరుసలో కూర్చి పల్నాటి పల్లెలను ఎగతాళి చేశాయి. పల్నాటి వీరుల కథను కావ్యం చేసిన కవిగానూ ఆయన్నే చెబుతారు. వీరుల మీద గౌరవం, వాళ్లు బతికిన ఇళ్ల మీద వెటకారం: ఈ రెండూ మనకు కలిసే సంక్రమించాయి. బయటివాడి వెటకారాన్ని బళ్లో కంఠతా పట్టి, చివరికి అదే మన అభిప్రాయమని నమ్మేశాం.

ముందు ఆ ఇల్లు ఎలా నిలబడుతుందో చూద్దాం. పల్నాడు జిల్లా మొత్తం ఒక్క తీరుగా ఉండదు. నరసరావుపేట చుట్టూ నల్లరేగడి, అక్కడ ఇటుకకే వాడుక. పడమరకు జరిగి పిడుగురాళ్ల దాటితే నేల కింద పరుపులు పరుపులుగా సున్నపురాయి ఉంటుంది. మనం నాపరాయి అనేది దీన్నే, భూగర్భ శాస్త్రవేత్తలు నర్జి సున్నపురాయి అంటారు. దీని వయసు యాభై కోట్ల ఏళ్లకు పైమాటే. లోతు తక్కువ సముద్రాల అడుగున పొర మీద పొరగా పేరుకున్న రాయి ఇది. అందుకే గునపం మొన తగిలించి సుత్తితో తడితే పొరవెంట పలకగా విడివడుతుంది. రంపం అక్కర్లేదు, నునుపు చేయడానికి యంత్రం అక్కర్లేదు. రెండు ముఖాలూ చదునుగా ఉన్న రాయి దొరికిన మేస్త్రీకి గోడ కట్టడంలో సగం పని తీరిపోయినట్టే. గుండ్రటి రాయి జారుతుంది, దాన్ని అడుసు పట్టి ఆపాలి. పలకరాయి తన బరువుతో తానే కూర్చుంటుంది. అడుసు అక్కడ సందు పూడ్చడానికి, బరువు సమంగా పరవడానికి మాత్రమే.

ఇక కప్పు. రాయికి బరువు మోయడం తెలుసు, వంగడం తెలియదు. పొడవుగా పరిస్తే తన బరువుకే మధ్యలో విరుగుతుంది. ఈ బలహీనత తెలిసినవాళ్లే మిద్దె కొలతలు నిర్ణయించారు. గోడ నుంచి గోడకు టేకో వేపో దూలం, దూలాల మీద దగ్గర దగ్గరగా దంతెలు, దంతె నుంచి దంతెకు అందే నాపబండలు, వాటి మీద మట్టి, ఆపైన సున్నపు గచ్చు. గది వెడల్పు దూలం పొడవును బట్టి, దంతెల మధ్య ఎడం బండ పొడవును బట్టి. ఇల్లు ఎందుకు సన్నగా పొడవుగా ఉంటుంది, సావిడి మధ్యలో స్తంభం ఎందుకు వస్తుంది అనే ప్రశ్నలకు జవాబు ఇక్కడే ఉంది. వాస్తు పుస్తకంలో వెతకనక్కర్లేదు. వాడే పదార్థం బలాన్నీ లోపాన్నీ కొలిచి, దానికి లోబడి గదిని రూపొందించడాన్ని వాస్తుశిల్పం అనకపోతే ఇంకేమనాలి?

స్లాబు ఇల్లే చల్లగా ఉంటుందని వాదించేవాళ్లు తక్కువే. కానీ ఆ సంగతి లెక్కలోకి తీసుకునేవాళ్లు ఇంకా తక్కువ. రెంటచింతల మన జిల్లాలోనే ఉంది. మే నెల వచ్చిందంటే రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసిన ఊరిగా వార్తల్లో దాని పేరు వినని ఏడాది అరుదు. అలాంటి చోట నాలుగైదు అంగుళాల కాంక్రీటు పలకను నేరుగా ఎండకు పరిచి దాని కింద పడుకోమంటున్నాం. పగలంతా తాగిన వేడిని ఆ పలక రాత్రంతా ఇంట్లోకి వదులుతుంది. రెండడుగుల రాతిగోడ కూడా వేడిని తాగుతుంది, ఆ మాట దాచను. తేడా కాలంలో ఉంది. మధ్యాహ్నపు వేడి అంత మందపు గోడ దాటి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది. ఆ వేళకు బయట గాలి చల్లబడుతుంది, మంచాలు ఆరుబయటికో మిద్దె మీదికో చేరతాయి. మనుషులు ఇంట్లో ఉండే పగటి వేళ ఇల్లు చల్లగానే ఉంటుంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. సన్నటి నాపబండలను నిలువుగా పాతి కట్టిన కొట్టాలకూ పాకలకూ ఈ గుణం లేదు, అవి పెనంలా కాలతాయి. వాటిని చూసి రాతి ఇల్లంటే ఉడుకు అనుకునేవాళ్లు మందపు గోడను నిలువు బండతో కలిపేస్తున్నారు.

తేమ, పెచ్చులు, కారడం: అందరికంటే గట్టిగా వినిపించే ఆరోపణ ఇది. ఇప్పుడున్న చాలా రాతి ఇళ్లలో ఈ ఫిర్యాదు నిజం. కారణం మాత్రం రాయి కాదు. అడుసుతో, సున్నంతో కట్టిన గోడ ఊపిరి తీస్తుంది. నేలలోంచి ఎక్కిన చెమ్మ, వానలో తడిసిన తడి సందుల్లోంచి ఆవిరై పోతుంది. గత నలభై యాభై ఏళ్లలో బాగుచేస్తున్నామనుకుని ఆ గోడలకు సిమెంటు పూత పూశాం, సందులు సిమెంటుతో పూడ్చాం. సిమెంటు తడిని బయటికి పోనివ్వదు. చెమ్మ లోపలే చిక్కి, అడుసు మెత్తబడి, పూత బొబ్బలెక్కి ఊడుతుంది. అప్పుడు ఇంటివాళ్లు రాయి పాడైందంటారు. ఇదే పొరపాటు బ్రిటన్‌లో ఇసుకరాయి ఇళ్ల వరుసల మీద జరిగింది. పాత సున్నపు దర్జులు గీకేసి సిమెంటు నింపితే తడి రాతి ముఖంలోంచే దారి చేసుకుని, ఆ ముఖమే పొడిపొడిగా రాలిపోయింది. స్కాట్లాండులో వారసత్వ కట్టడాల సంస్థ ఇవాళ ఇంటి యజమానులకు సున్నమే వాడమని చెబుతోంది. పిడుగురాళ్లను సున్నపు పట్నమని పిలుచుకునే మనకు ఆ సలహా ఎడింబరో నుంచి రావాల్సిన అవసరం లేదు. బట్టీ మన ఊళ్లోనే ఉంది. సున్నాన్ని నానబెట్టి, గానుగాడించి గచ్చు వేయగల చేతులే కరువయ్యాయి, ఆ పని చేయించుకునే ఇళ్లు లేక.

తేళ్ల మాట కూడా ఇక్కడే తీరుతుంది. తేలు చేరేది రాయిలోకి కాదు, పూడ్చకుండా వదిలేసిన సందులోకి. ఏడాదికోసారి దర్జులు చూసుకుని సున్నం పెట్టిన గోడలో దానికి చోటుండదు. వెనకటి తరం ఆ పని పండగ ముందు చేసేది.

పాత వీధుల్లో మరొక సంగతి ఉంది, కూల్చివేత మాట వచ్చినప్పుడల్లా నన్ను ఎక్కువ బాధపెట్టేది. ఈ ఇళ్లు విడివిడిగా కట్టినవి కావు. అన్నదమ్ములు పంచుకున్న ఇళ్లు, ఒకే వంశపు ఇళ్లు ఒకదాని గోడకు ఒకటి ఆనుకుని వరుసగా ఉంటాయి. మధ్యగోడ ఉమ్మడి. అటు దూలమూ ఇటు దూలమూ దాని మీదే వాలతాయి. దీనివల్ల ఎండ సోకేది ముందు గోడకూ వెనక గోడకూ మాత్రమే. రాయి తక్కువ పడుతుంది, స్థలం కలిసొస్తుంది, ఒక ఇంటి బరువు పక్కింటికి ఆసరా అవుతుంది. ఇప్పుడు వరుస మధ్యలో ఒకరు జేసీబీ పెట్టి తమ ఇల్లు పడగొడితే ఏమవుతుంది? అప్పటిదాకా లోపలి గోడగా ఉన్నది ఒక్క రోజులో బయటి గోడ అవుతుంది. వానను చూడకుండా కట్టిన గోడ వానకు తడుస్తుంది. ఒకవైపు ఒత్తిడి పోయి పక్కకు ఒరగడం మొదలుపెడుతుంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి పక్కింటివాళ్లకు పగుళ్లు కనపడతాయి. చూశారా, రాతి ఇళ్లు పడిపోతున్నాయి అంటారు. పడిపోతున్న మాట నిజమే, పడదోస్తున్నది ఎవరో చెప్పరు. ఉమ్మడి గోడ ఉన్న చోట కూల్చేవాడు ముందుగా ఆ గోడకు రక్షణ కట్టాలనే షరతు పంచాయతీ అనుమతిలో మొదటి వాక్యంగా ఉండాలి.

ఇలాంటి తీర్పు ఇంతకుముందు ఒక నగరం మొత్తానికి ఇచ్చారు. గ్లాస్గోలో ఎర్ర, పసుపు ఇసుకరాయితో కట్టిన వరుస భవనాల్లో కార్మికులు కిక్కిరిసి బతికేవాళ్లు. మరుగుదొడ్లు చాలవు, గాలి చాలదు, రోగాలు ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నగరపాలకులు నేరం రాయి మీద మోపి వీధులకు వీధులు పడగొట్టారు, ఆకాశాన్నంటే కాంక్రీటు భవనాలు లేపారు. పేరున్న వాస్తుశిల్పి బేసిల్ స్పెన్స్ 1960లలో గీసిన హచిసన్‌టౌన్ భవనాలను 1993లో పేల్చేశారు. ఐరోపాలోనే ఎత్తైన నివాసాలుగా చెప్పుకున్న రెడ్ రోడ్ భవనాల్లో చివరివి 2015లో నేలమట్టం అయ్యాయి. మరోపక్క 1970లలో కొందరు వాస్తుశిల్పులూ వీధివాళ్లూ కలిసి ఇళ్ల సంఘాలు పెట్టుకుని, కూల్చకుండా మిగిలిన ఇసుకరాయి ఇళ్లలో స్నానాల గదులు చేర్చారు, కప్పులు బాగుచేశారు. నూరేళ్లు దాటిన ఆ ఇళ్లలో ఇవాళ మనుషులు ఇష్టపడి కాపురం ఉంటున్నారు. తప్పు రాయిదా, కిక్కిరిసిన కాపురాలదా అన్న విచారణ అక్కడ ఆలస్యంగా జరిగింది. మనం ఆ ఆలస్యానికి మూల్యం కట్టకుండా బయటపడవచ్చు.

ఇప్పుడు అవతలివాళ్ల చేతిలో ఉన్న బలమైన ఆయుధం. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి చుట్టుపక్కల భూకంపం వచ్చి దాదాపు పదివేలమంది చనిపోయారు. చాలామందిని చంపింది మందపు రాతిగోడలూ వాటి మీది మట్టి మిద్దెలే. ఈ మాటను దాటవేసే హక్కు రాతి ఇంటిని సమర్థించే ఎవరికీ లేదు. మనకు దగ్గర్లోనే 1967 మార్చిలో ఒంగోలు కంపించింది. కాబట్టి భయం ఉత్తది కాదు. కానీ కిల్లారి గోడలు ఎందుకు పడ్డాయో ఇంజినీర్లు అప్పుడే తేల్చారు. లోపలి ముఖం ఒక గోడగా, బయటి ముఖం ఒక గోడగా లేచి, మధ్య రాళ్లముక్కలతో నిండి, రెంటినీ కలిపి పట్టే పొడవాటి రాళ్లు లేకపోవడం ఒకటి. మూలలు అల్లుకోకపోవడం మరొకటి. ఏళ్ల తరబడి కారినప్పుడల్లా కొత్త మట్టి పోసుకుంటూ పోయి కప్పు బరువు మోయలేనంత పెరగడం ఇంకొకటి. అడ్డరాళ్లు వేయడం, గోడ చుట్టూ తలుపుల పైన ఒక పట్టీ కట్టడం, మిద్దె మీది మట్టి తగ్గించడం ఇందుకు విరుగుడు. భారత ప్రమాణాల సంస్థ తక్కువ బలం ఉన్న కట్టడాలకు ఈ పద్ధతులే సూచిస్తూ అదే 1993లో ప్రమాణం వెలువరించింది. కాంక్రీటు అయితే చాలు, భయం లేదనేవాళ్లు 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి అహ్మదాబాదులో కూలిన అపార్టుమెంట్లను గుర్తు చేసుకోవాలి. కంపం పుట్టిన చోటుకు అవి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాయి. చంపేది పదార్థం కాదు, తెలియక కట్టిన కట్టడం. ఇవాళ పల్నాటి ఊళ్లలో అనుభవం లేని చేతులు కలిపే కాంక్రీటు, ఉప్పునీళ్లతో తడిపే స్లాబు, పైకి తేలి తుప్పుపట్టే కడ్డీలు ఎంతవరకు సురక్షితమో అడిగేవాళ్లు లేరు.

పక్కా ఇల్లనే ముద్ర సంగతీ ఇంతే. జనాభా లెక్కలవాళ్లు శాశ్వత నిర్మాణ సామగ్రి జాబితాలో కాంక్రీటునూ కాల్చిన ఇటుకనూ మాత్రమే రాయలేదు. గారతో కట్టిన రాతిగోడనూ, రాతి కప్పునూ శాశ్వతమైనవిగానే లెక్కించారు. ప్రభుత్వమే ఒప్పుకున్న హోదాను కొట్టేసింది మన కళ్లే. ఇక రాయితో కట్టింది నిలవదనే మాట పల్నాడులో నిలబడి అనడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు. కృష్ణకు అడ్డంగా 1955 నుంచి 1967 వరకు మనవాళ్లు లేపిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట. 124 మీటర్ల ఎత్తు, ప్రపంచంలోని పెద్ద రాతి ఆనకట్టల్లో ఒకటి. అది నాపరాయి కాదు, గట్టి కొండరాయి, గార కూడా వేరు. అయినా రాయి మీద రాయి పేర్చి కట్టే విద్యే అది, వేలమంది చేతుల మీద జరిగింది. దాని కుడిగట్టు మాచర్ల వైపే ఉంది.

ఒక అభ్యంతరానికి మాత్రం తలవంచాలి. రాతిమిద్దెను ఇన్నాళ్లు కాపాడింది ఆడవాళ్ల వెట్టి. నేల అలకడం, మిద్దె మీద మట్టి సర్దడం, గోడలకు సున్నం కొట్టడం, కిటికీ లేని వంటింట్లో పొగలో మగ్గడం వాళ్ల వంతే అయింది. ఏ కోడలైనా స్లాబు ఇల్లు కావాలంటే అందులో మోజు కంటే విముక్తి ఎక్కువ ఉంది. పాత ఇంటిని పాతగానే ఉంచమని కోరితే ఆ వెట్టిని కొనసాగించమన్నట్టే, అందుకు నేను ఒప్పుకోను. అయితే ఈ బాధల్లో ఏదీ రాతిగోడను కూలిస్తేనే తీరేది కాదు. పొగ గ్యాసు పొయ్యితో పోయింది. అలుకు బదులు అదే నాపబండను నేల మీద పరిస్తే చాలు, పట్నాలవాళ్లు డబ్బిచ్చి కొనుక్కెళుతున్నది దాన్నే. వెలుతురుకు గోడలో పైబండ సరిగా వేసి కిటికీ తెరవవచ్చు. స్నానాల గది, మరుగుదొడ్డి పెరట్లో ఇటుకతో కట్టుకోవచ్చు. మిద్దె మరమ్మతు ఇంటి ఆడవాళ్ల పనిగా కాక కూలి ఇచ్చి చేయించే మేస్త్రీ పనిగా మారాలి.

అసలు విడ్డూరం రాయి ప్రయాణంలో ఉంది. మాచర్లలో 1958 నాటికే సిమెంటు కర్మాగారం వెలిసింది. తర్వాత దాచేపల్లి, నడికుడి వైపు మరికొన్ని వచ్చాయి. వాటివల్ల జీతాలు వచ్చాయి, కాదనను. కానీ లెక్క చూడండి. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే మిగిలేది యాభైయారు కిలోలు, నలభైనాలుగు కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాల్లో కలుస్తుంది. సిమెంటు కోసమైతే కొలిమిని దాదాపు 1450 డిగ్రీల దాకా వేడెక్కించాలి, దానికి బొగ్గు వేరే. ఉన్నపళాన గోడ కాగల రాయిని పొడిచేసి, కాల్చి, బస్తాకెత్తి, ఇసుకా ఇనుమూ నీళ్లూ తోడు చేసి మళ్లీ రాయిలా గట్టిపడేలా చేసుకుంటున్నాం. పడగొట్టిన ఇంటి రాళ్లేమో రోడ్డు పక్క గుంతల్లో పూడుస్తున్నాం. గోడకు పట్టీ కట్టడానికి, కప్పు బలపరచడానికి సిమెంటు కావాలి. ఆ మేరకు వాడండి. రాయి మీద కూర్చుని రాయి లేనట్టు ఇల్లు కట్టడం మాత్రం మానండి.

ఈ నింద మోపడంలో చదువుకున్నవాళ్ల వాటా తక్కువది కాదు. వారసత్వం అనగానే మన చూపు మాచర్ల చెన్నకేశవ ఆలయం దగ్గర, కారెంపూడి వీరుల గుడి దగ్గర, నాగార్జునకొండ దగ్గర ఆగిపోతుంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల శిల్పం చెక్కింది ఈ పల్నాటి సున్నపురాయి మీదే. సాగర్ నీళ్లలో మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు తవ్వి, విహారాలనూ ప్రేక్షకశాలనూ రాయి రాయికి గుర్తు పెట్టి విప్పి, కొండ మీదా అనుపు దగ్గరా మళ్లీ పేర్చారు. గర్వపడాల్సిన పని. దుర్గి శిల్పులు ఇవాళ్టికీ చెక్కే బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అదే రాయి విగ్రహమైతే గుర్తింపు, స్తూపమైతే మ్యూజియం, గోడ అయితే జేసీబీ. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బను చూసే నాటికే స్తూపపు రాళ్లను కొత్త కట్టడాలకు తరలిస్తున్నారు. పాత రాళ్లే కదా అనుకున్నారు. మిగిలినవాటిలో మేలైనవి చూడాలంటే ఇప్పుడు చెన్నైకో లండన్‌కో పోవాలి. రాజులు కట్టించిందీ భిక్షువులు కట్టుకున్నదీ చరిత్ర అయి, రైతూ వడ్డెర మేస్త్రీ కలిసి కట్టుకున్నది చెత్త ఎలా అవుతుంది?

నేను ప్రతి రాతిగోడనూ కాపాడమనడం లేదు. ఉబ్బి ఒరిగిన గోడ కింద పిల్లలను పడుకోబెట్టమనే మూర్ఖత్వం నాకు లేదు. చూసి తేల్చండి అంటున్నాను. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకం 2016లో మొదలైనప్పటి నుంచి స్థానిక వాతావరణానికి, స్థానిక సామగ్రికి తగిన ఇళ్ల నమూనాలు ఉండాలని చెబుతూనే ఉంది. నాపరాయికి అలాంటి నమూనా ఒకటి పల్నాడు కోసం గీయాలి. రాజస్థాన్‌లో జోధ్‌పుర్ చుట్టుపక్కల ఇసుకరాతి పట్టీలతో ఇప్పటికీ కప్పులు వేస్తున్నారు, అక్కడి మేస్త్రీలకు పని దొరుకుతోంది. నరసరావుపేటలో జేఎన్‌టీయూ ఇంజినీరింగు కళాశాల ఉంది. అక్కడి సివిల్ విద్యార్థులు కాంక్రీటు దూలానికి లెక్క కట్టడం ఎలాగూ నేర్చుకుంటారు. ఒక్క సెమిస్టరు గురజాల, కారెంపూడి వీధుల్లోకి వచ్చి గోడల మందం, దంతెల ఎడం, అడ్డరాళ్ల జాడ, ఉమ్మడి గోడల పరిస్థితి కొలిచి నమోదు చేయాలి. రెంటచింతలలో ఒక రాతిమిద్దెలో, దాని పక్కనే ఉన్న స్లాబు ఇంట్లో, మే నెల పొడవునా ఉష్ణమాపకాలు పెట్టి పగలూ రాత్రీ అంకెలు రాయాలి. ఆ అంకెలు పంచాయతీ ఆఫీసు గోడ మీద అతికించాక, ఇంటికి జేసీబీ పిలవాలో మేస్త్రీని పిలవాలో ఇంటివాళ్లే తేల్చుకుంటారు.